పిల్లల ఫుట్‌బాల్ సీజన్ వచ్చేస్తోంది.. అనంతపురం గరుసు నేల మీద ఆడాలంటే బ్యాగులో ఏం ఉండాలి? ఏం అక్కర్లేదు?

జూన్ 12న బడి గంట మోగుతుంది. ఆ తర్వాత రెండు మూడు వారాలకే పీఈటీ సార్ సెలక్షన్స్ అంటారు. అండర్-14, అండర్-17 అంటూ స్కూల్ గేమ్స్ జట్లు కట్టడం మొదలవుతుంది. సుబ్రతో కప్ జిల్లా పోటీలు కూడా దాదాపు ఆ రోజుల్లోనే. ఇంట్లో పిల్లో, పిల్లాడో "నాన్నా, స్టడ్స్ కొనివ్వు" అని అడిగేది అప్పుడే. నాన్న ఫోన్ తీసి వీడియోలు వెతుకుతాడు. ఫుట్‌బాల్ కిట్‌లో ఏం ఉండాలో చెప్పే వీడియోలు వందలు కనిపిస్తాయి. చిక్కేంటంటే, వాటిలో చాలావరకు పచ్చగడ్డి మైదానాల కోసం చేసినవి. వానకు జాకెట్, చలికి గ్లోవ్స్, బురదకు పొడవాటి స్టడ్స్ అని చెబుతాయి.

అనంతపురంలో ఏడాది మొత్తానికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నైరుతి సరిగ్గా అందదు, ఈశాన్యం వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. ఊళ్లలో గ్రౌండ్ అంటే ఎర్ర గరుసు నేల. గడ్డి మొలిస్తే అది పల్లేరే. ఇలాంటి చోట ఆడే పిల్లల బ్యాగు వేరేగా ఉండాలి. ఆ తేడా తెలియకపోతే డబ్బు దండగ ఒక్కటే కాదు, పిల్లల కాళ్లు, ఒళ్లు దెబ్బతింటాయి.

కరువు సీమలో ఫుట్‌బాల్ ఏంటి అనుకునేవాళ్ల కోసం ఒక మాట. 1969 నుంచి ఈ జిల్లాలో పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్.. అదే ఆర్డీటీ.. అనంతపురం శివార్లలో పెద్ద స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ క్రికెట్ మ్యాచ్‌లు జరిగింది అక్కడే. రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ కేంద్రం 2010లో మొదలైందీ అక్కడే. ఆ క్రికెట్, టెన్నిస్ పక్కనే ఫుట్‌బాల్ కూడా పెరిగింది. స్పెయిన్ లా లిగా ఫౌండేషన్ తోడ్పాటుతో అనంతపూర్ స్పోర్ట్స్ అకాడమీ పల్లె పిల్లలకు లీగ్‌లు నడిపింది. ఇక్కడి ఆడపిల్లల జట్టు స్పెయిన్ దాకా వెళ్లి ఆడి వచ్చింది. కాబట్టి బంతి వెంట పరుగెత్తే పిల్లలకు ఇక్కడ దారి లేకపోలేదు. ఆ దారిలో మొదటి నెల దాటడమే కష్టం.

స్టడ్స్ కొనే ముందు డబ్బా మీద ఏముందో చూడండి

ఎక్కువ మంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. షూ డబ్బా మీద, ఆన్‌లైన్ పేజీలో ఎఫ్‌జీ, ఎస్‌జీ, టీఎఫ్ అని రెండక్షరాలు ఉంటాయి. ఎఫ్‌జీ అంటే గట్టిగా ఉన్న గడ్డి నేలకు చేసింది. ఎస్‌జీ అంటే తడి, మెత్తటి నేలకు. దీని స్టడ్స్ పొడవుగా ఉంటాయి, కొన్నింటికి ఇనుప మొనలు కూడా ఉంటాయి. టీఎఫ్ అంటే అడుగున చిన్న చిన్న రబ్బరు బొడిపెలు చాలా ఉండేది. గరుసు నేలకు పనికొచ్చేది ఈ మూడోదే.

ఎందుకంటే మెత్తటి నేలలో స్టడ్ లోపలికి దిగుతుంది, పాదం నేలకు ఆనుతుంది. రాయిలా గట్టిపడ్డ నేలలో స్టడ్ దిగదు. పిల్లాడు పది మొనల మీద నిలబడి పరుగెత్తినట్టే. ఒంటి బరువంతా ఆ పది చోట్లే పడుతుంది. అరికాలు మండుతుంది. మలుపు తిరిగేటప్పుడు కాలు జారుతుంది, లేదా చీలమండ మడత పడుతుంది. చూడ్డానికి ప్రొఫెషనల్ ప్లేయర్‌లా ఉన్నా, రెండో వారానికి కుంటుకుంటూ ఇంటికొస్తాడు.

వెయ్యి రూపాయల అటూఇటూగా మన దేశపు కంపెనీల షూస్ దొరుకుతాయి. మొదటి సీజన్‌కు అవి చాలు. పదేళ్ల లోపు పిల్లలైతే స్కూల్‌కు వేసుకెళ్లే కాన్వాస్ షూతో మొదలుపెట్టినా ఏ నష్టమూ లేదు. సైజు విషయంలో మాత్రం మన ఇళ్లలో ఒక అలవాటుంది. "వచ్చే ఏడాదికి కూడా వస్తుంది లే" అని రెండు సైజులు పెద్దవి కొంటారు. యూనిఫాంకు ఆ లెక్క పనిచేస్తుంది, ఫుట్‌బాల్ షూకు పనిచేయదు. లోపల పాదం జారుతూ మడమ దగ్గర బొబ్బలు లేస్తాయి. బొటనవేలి ముందు అర వేలు ఖాళీ ఉంటే సరిపోతుంది. సాయంత్రం పూట, మ్యాచ్‌లో వేసుకునే స్టాకింగ్స్ తొడిగి చూసి కొనాలి. పొద్దుటి కంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. కొత్త షూ వేసుకుని నేరుగా మ్యాచ్‌కు దింపొద్దు. వారం రోజులు ప్రాక్టీస్‌లో వాడాక దింపాలి. అన్న వాడిన షూ తమ్ముడికి ఇవ్వొచ్చు. అడుగు ఒకవైపే అరిగిపోయి ఉంటే మాత్రం వద్దు.

షూ లేకుండా ఆడితే ఏమవుతుంది అంటే.. మన దేశానికి ఆ కథ బాగా తెలుసు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడి ఫ్రాన్స్‌కు గట్టి పోటీ ఇచ్చారు. 2-1తో ఓడినా శెభాష్ అనిపించుకున్నారు. నాలుగేళ్ల తర్వాత హెల్సింకీలో చలి నేల మీద యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చేసింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా వెళ్లిన జట్టుకు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఇవాళ రూల్ బుక్కులో కాళ్లకు షూ లేకుండా మ్యాచ్‌లోకి రానివ్వరు.

కడియం, కమ్మలు, నల్లతాడు.. అన్నీ తీసి రావాల్సిందే

రూల్ బుక్కు అన్నాం కాబట్టి ఇంకో రెండు సంగతులు. ఫుట్‌బాల్ నాలుగో నిబంధన ప్రకారం ఆటగాడికి తప్పనిసరిగా ఉండాల్సినవి చేతులున్న జెర్సీ, నిక్కరు, స్టాకింగ్స్, షిన్ గార్డ్స్, షూ. ఇంతే. మిగతావన్నీ సరదాకే. షిన్ గార్డ్స్ అంటే మోకాలి కింద ముందెముకకు కట్టుకునే రక్షణ పలక. వాటిని స్టాకింగ్స్ పూర్తిగా కప్పాలి. డబ్బు మిగల్చాలని కొందరు పిల్లలు నోట్‌బుక్ అట్టలు దూర్చేస్తుంటారు. రెఫరీ చూడకపోయినా ఎదుటివాడి షూ ఆ అట్టను చూసి ఆగదు. ఆట సామాన్లలో తక్కువ ధరకు దొరికే వాటిలో షిన్ గార్డ్స్ ఒకటి. ఎక్కడ తగ్గించుకున్నా ఇక్కడ తగ్గించొద్దు.

నగల సంగతి మన ఇళ్లకు ఇంకా ముఖ్యం. చెవి కమ్మలు, ఉంగరం, గొలుసు, కడియం, గాజులు, రబ్బరు బ్యాండ్లు.. ఏవీ ఉండకూడదు. వాటిపై ప్లాస్టర్ చుట్టుకుని ఆడతానన్నా ఒప్పుకోరు. చేతికి తాయెత్తు, కాలికి నల్లతాడు ఉంటే వాటినీ రెఫరీ తీయమంటే తీయాల్సిందే. కొత్తగా చెవులు కుట్టించిన అమ్మాయికి ఆరేడు వారాలు కమ్మ తీయడం కుదరదు. కాబట్టి ఆ ముచ్చట సీజన్‌కు ముందో తర్వాతో పెట్టుకోవడం మేలు. మ్యాచ్ రోజు గ్రౌండ్ గట్టు మీద కమ్మ ఊడదీయలేక ఏడ్చే పిల్లను చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

ఇక బంతి. జట్టుకు బంతి ఉంటే ఇంట్లో ఇంకోటి తప్పనిసరి కాదు. కొంటే మాత్రం సైజు చూడాలి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు 3, పన్నెండు దాకా 4, ఆ పైన 5. చిన్న పిల్లాడికి పెద్ద బంతి ఇస్తే తన్నడానికి భయపడతాడు. మన గరుసు మీద కుట్లు బయటికి కనిపించే నున్నటి బంతి నెలలో పిగిలిపోతుంది. రబ్బరు పైపొర ఉన్న మోటు బంతి ఎక్కువ కాలం వస్తుంది. పల్లేరు ముళ్లు, కంప ముళ్లు ఎలాగూ ఉంటాయి. ప్రాక్టీస్‌కు ముందు పిల్లలంతా వరసగా నిలబడి గ్రౌండ్ ఒక చుట్టు నడిచి ముళ్లు, గాజుపెంకులు ఏరేస్తే బంతీ బతుకుతుంది, మోకాళ్లూ బతుకుతాయి.

అసలు పరీక్ష ఎండే.. బాటిల్ ఎంత పెద్దది?

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. వేసవి క్యాంపులు పొద్దున ఆరింటికి మొదలయ్యేది అందుకే. బడులు తెరిచాక ప్రాక్టీస్ సాయంత్రం నాలుగుకు మారుతుంది. అప్పటికి నేల పొద్దుటి నుంచీ కాగి ఉంటుంది. వీలైతే ఐదు తర్వాత మొదలుపెట్టమని అడగడం తల్లిదండ్రుల హక్కే.

ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సెలవులంతా ఇంట్లో ఫోన్ చూసిన పిల్లాడు మొదటి రోజే గంటన్నర పరుగెడితే ఒళ్లు తట్టుకోదు. సీజన్‌కు రెండు వారాల ముందు నుంచి పొద్దునో సాయంత్రమో ఇరవై నిమిషాలు పరుగెత్తించి, రోజూ కొంచెం పెంచుకుంటూ పోవాలి. ఈ తయారీకి పైసా ఖర్చు లేదు. చేసే ఇళ్లు మాత్రం తక్కువ.

ఆడేటప్పుడు 9 నుంచి 12 ఏళ్ల పిల్లలు ప్రతి 20 నిమిషాలకు 100 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్లు తాగాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. అంటే గంటన్నర ప్రాక్టీస్‌కు లీటరు బాటిల్ ఉండాలి. స్కూల్లో ఆ పొద్దంతా తాగింది ఇందులో కలపకూడదు. అరలీటరు రంగుల బాటిల్ అందంగా ఉంటుంది, సరిపోదు. దాహం వేశాక తాగడం కాదు, విజిల్ కొట్టి అందర్నీ తాగించడం కోచ్ పని. 2014 బ్రెజిల్ ప్రపంచకప్‌లోనే ఎండ, తేమ కలిపి కొలిచే ఉష్ణసూచీ 32 దాటితే మ్యాచ్ ఆపి నీళ్ల విరామం ఇవ్వాలని ఫిఫా పెట్టింది. ప్రపంచకప్ ఆడే మొనగాళ్లకే ఆ విరామం కావాల్సి వచ్చినప్పుడు ఆరో తరగతి పిల్లలు అడిగితే నామోషీ ఏముంది?

బాటిల్‌కు తడి గుడ్డ చుట్టి నీడలో పెడితే ఇక్కడి పొడిగాలికి నీళ్లు చల్లగా ఉంటాయి. పొలానికి వెళ్లే పెద్దోళ్లు చేసే పనే ఇది.

నీళ్లు ఎక్కడివి అన్నదీ చూసుకోవాలి. ఈ జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు పైపులు వేసింది ఈ బాధ వల్లే. బయటి ఊరికి మ్యాచ్‌కు వెళ్లినప్పుడు గ్రౌండ్ పక్కన బోరు కనిపించగానే పిల్లలు నోరు పెట్టేస్తారు. ఒక రోజు తాగితే ఏమీ కాదు కానీ సీజన్ పొడవునా అదే అలవాటైతే పళ్లకూ ఎముకలకూ మంచిది కాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇంటి నుంచి మంచినీళ్లు తీసుకెళ్లడమే దారి.

మామూలు ప్రాక్టీస్‌కు నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ చాలు. టోర్నమెంట్‌లో ఒకే రోజు రెండు మూడు మ్యాచ్‌లు పడితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బ్యాగులో ఉండాలి. ఇక్కడ జాగ్రత్త. ఓఆర్‌ఎస్ అని పేరు తగిలించుకుని చక్కెర నీళ్లు అమ్మే డబ్బాలు ఏళ్ల తరబడి మార్కెట్‌లో నడిచాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ డ్రింకుల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. మెడికల్ షాపులో అడిగి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ తీసుకోండి. లీటరుకు కలిపే ఆ పొడి 20.5 గ్రాములు ఉంటుంది. పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. అరలీటరు బాటిల్‌లో మొత్తం పోసేస్తే ఉప్పు ఎక్కువై వాంతి అవుతుంది.

పిల్లాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా ఆట అక్కడే ఆపేయాలి. నీడలో పడుకోబెట్టి, జెర్సీ తీసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని పిల్లాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

తిండికి కొత్తగా కొనాల్సిందేమీ లేదు. వేరుశనగ పండే నేల ఇది. మ్యాచ్‌కు మూడు గంటల ముందు రాగి సంగటో, ఇడ్లీయో, అన్నమో తిని, గంట ముందు అరటిపండు తింటే సరిపోతుంది. మధ్య విరామంలో ఒలిచిన చీనీ తొనలు. అనంతపురం చీనీకాయలను దేశమంతా తింటుంటే మన పిల్లలు కూల్‌డ్రింక్ తాగడమేంటి? ఆట అయ్యాక శెనక్కాయల చిక్కీ, ఉడికించిన గుడ్డు. ఉగ్గాని బజ్జీ గెలిచాకే. నూనె తిండి తిని పరుగెడితే ఫస్ట్ హాఫ్‌లోనే పక్కల్లో నొప్పి పట్టుకుంటుంది.

ఆట బాగా ఆడినా కాగితం ఆపేస్తుంది

అండర్-14 అంటే ఆ వయసు కాగితంలో కూడా ఉండాలి. జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, స్కూల్ రికార్డు.. మూడింట్లో పుట్టిన తేదీ ఒకటేనా అని ఇవాళే చూడండి. బడిలో చేర్చేటప్పుడు టీచరే ఒక తేదీ వేసేసిన ఇళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఉంటుంది. అందుకే సరైన పత్రం చేతిలో పెట్టుకునే వెళ్లాలి. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు జనన పత్రమే ప్రధాన ఆధారమని చట్టం మారింది. కానీ ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడుతున్న పిల్లలంతా అంతకు ముందు పుట్టినవాళ్లే, కాబట్టి తికమక వాళ్లకే ఎక్కువ.

పెద్ద పోటీలకు వెళ్తే చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు. టీడబ్ల్యూ3 పరీక్ష అంటారు. వయసు తగ్గించి రాయిస్తే అక్కడ దొరికిపోతారు. ఏ తేదీ నాటికి వయసు లెక్కేస్తారో పోటీని బట్టి మారుతుంది, సర్క్యులర్‌లో చూసుకోవాలి. ఈ పత్రాల జిరాక్సులు, నాలుగు పాస్‌పోర్ట్ ఫొటోలు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బ్యాగు అడుగున ఉంచండి. ఒరిజినల్స్ గ్రౌండ్‌కు పంపొద్దు, టోర్నమెంట్ రోజు పెద్దవాళ్ల చేతిలో ఉండాలి.

మందుల పెట్టెకు పెద్ద జాబితా అవసరం లేదు. గరుసు మీద పడితే మోకాలు గీరుకుపోతుంది. మట్టి రేణువులు పోయేదాకా మంచినీళ్లు, సబ్బుతో కడగాలి. పసుపు, కాఫీపొడి అద్దొద్దు. పదేళ్లకు, పదహారేళ్లకు ఇచ్చే టీడీ టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. వేయించారో లేదో సీజన్‌కు ముందే చూసుకోండి. తలకు దెబ్బ తగిలితే "బాగానే ఉన్నా" అని పిల్లాడు అన్నా ఆ రోజుకు మళ్లీ దింపకూడదు. ఇంకొకటుంది.. 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు మడమ నొప్పి అంటే వంక పెడుతున్నారని తిట్టొద్దు. ఎదిగే వయసులో మడమ ఎముక ఎదుగుదల భాగం ఇంకా గట్టిపడి ఉండదు. గట్టి నేల మీద రోజూ పరుగెడితే అక్కడ వాపు వస్తుంది. కొన్నాళ్లు ఆట తగ్గిస్తే, మెత్తటి అడుగున్న షూ వేస్తే చాలామందికి తగ్గిపోతుంది.

ఆడపిల్ల బ్యాగులో ఇంకొన్ని

జిల్లాలో ఎంతోమంది అమ్మాయిలు ఐదు, ఆరు తరగతుల్లో అబ్బాయిలతో సమానంగా ఆడతారు. ఎనిమిదికి వచ్చేసరికి మానేస్తారు. కారణం ఆట రాకపోవడం కాదు. నిక్కరు వేసుకోవాలా అని ఇంట్లో గొడవ, నెలసరి భయం, సాయంత్రం ఇంటికి ఎలా రావాలన్న ప్రశ్న. ఈ మూడింటికీ సీజన్ మొదట్లోనే జవాబు ఉంటే ఆ పిల్ల ఆట ఆగదు.

నిక్కరు కింద ఒంటికి అతుక్కునే టైట్స్ వేసుకోవడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. రంగు మాత్రం నిక్కరు రంగుతో కలవాలి. తలకు గుడ్డ కట్టుకున్నా అభ్యంతరం లేదు. జట్టుకు డ్రెస్సు కుట్టించేటప్పుడే తెల్ల నిక్కర్లు వద్దని పీఈటీకి చెప్పాలి. ఇంగ్లండ్ మహిళల జట్టు నెలసరి ఇబ్బంది చెప్పుకుని 2023లో తెల్ల నిక్కర్లు మార్చి నీలం వేసుకుంది. ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్టే నోరు తెరిచి అడిగింది. మన పిల్లలకు ముదురు రంగు నిక్కరు, స్పోర్ట్స్ బ్రా, రెండు ప్యాడ్లు, పాత పేపరు, ఒక అదనపు నిక్కరు బ్యాగులో ఎప్పుడూ ఉండాలి. తేదీ దగ్గరున్నా లేకపోయినా.

ఇక ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు టికెట్ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. జిల్లా కేంద్రంలో సెలక్షన్స్ అంటే ఇదివరకు తల్లీకూతుళ్ల చార్జీలే భారమయ్యేవి. ఇప్పుడు ఆ ఖర్చు మిగిలినట్టే. అదే బ్యాగులో ఉన్న ఆధార్ కాగితం ఇక్కడా పనికొస్తుంది. మిగిలింది టైమ్. ఊరికి చివరి బస్సు ఎన్నింటికో ముందుగా తెలుసుకుని, ప్రాక్టీస్ ఎన్నింటికి ముగుస్తుందో చేర్చే రోజే కోచ్‌ను అడగండి. బస్సు ఆరున్నరకైతే ఆరింటికల్లా పిల్లల్ని వదలాలి. అమ్మాయిలు ఒక్కొక్కరుగా కాకుండా ఒకే ఊరి వాళ్లంతా కలిసి స్టాండ్‌కు నడిచేలా, వాళ్లతో ఒక పెద్ద మనిషి ఉండేలా తల్లులు వారాలు పంచుకుంటే సరి.